సరుకు ముందే చేసిపెట్టాలా, ఆర్డర్ వచ్చాకే మొదలుపెట్టాలా? చిన్న తయారీదారులకు ఒక పోలిక

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడ రెండో స్టేజీలో మా పెదనాన్న కొడుక్కి ఒక షెడ్డుంది. ఎలక్ట్రికల్ కంట్రోల్ ప్యానెళ్లు చేస్తాడు. మోటార్లనూ పంపులనూ నడిపే స్విచ్చులన్నీ లోపల అమర్చిన ఇనుప బీరువాల్లా ఉంటాయవి. ఒక ఆదివారం వాళ్లింట్లో రాగిసంగటి తిన్నాక షెడ్డు చూద్దాం రమ్మంటే వెళ్లాను. సగం చోటు ఖాళీ పెట్టెలకే సరిపోయింది. లెక్కపెడితే 40. రేకు కోసి, వంచి, వెల్డింగ్ చేసి, పౌడర్ కోటింగ్ కొట్టించి, పాలిథిన్ చుట్టి వరసగా నిలబెట్టాడు.

"ఆర్డర్లు లేని నెలలో పనోళ్లని ఊరికే కూర్చోబెట్టడం ఎందుకు రా? చేసి పెట్టుకుంటే రేపు అడగ్గానే ఇచ్చేయొచ్చు. సరుకుంటే ధైర్యం" అన్నాడు అన్న.

ఆ 40 పెట్టెలకూ వేసిన రంగు రాల్ 7032, రాల్ అంటే రంగులకు అంకెలిచ్చే పట్టిక. షాపుల్లో సీమెన్స్ గ్రే అంటారు. తర్వాతి నాలుగు నెలల్లో వచ్చిన ఆర్డర్లలో ఎక్కువ మంది 7035 అడిగారు, అంటే లైట్ గ్రే. రంగు కుదిరిన చోట తలుపు మీద మీటర్లకీ పుష్ బటన్లకీ కోసిన కన్నాలు కుదరలేదు. కోటింగ్ అయిపోయిన తలుపు మీద కొత్త కన్నం కోస్తే అంచు పెచ్చులూడుతుంది, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. ధైర్యం కోసం చేసిన సరుకు చూస్తుండగానే టెన్షన్ అయి కూర్చుంది.

నేను ఇదే ఊళ్లో ఒక ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ ప్లానింగ్ చూస్తాను. మా పనంతా తిరిగేది ఈ ఒక్క విషయం చుట్టే. ఏ వస్తువు తయారీ అయినా వరసగా కొన్ని మెట్లు. ఒక మెట్టు దాకా అంచనా మీద చేసుకుంటూ వస్తాం. అక్కడ ఆగి, ఆర్డర్ చేతికి వచ్చాక మిగతా మెట్లు ఎక్కుతాం. ఆ ఆగే చోటును సప్లయ్ చెయిన్ వాళ్లు డీకప్లింగ్ పాయింట్ అంటారు, కొందరు పుష్-పుల్ హద్దు అంటారు. ఇక్కడ నేను గీత అంటాను. గీతకు ఇవతల అంచనా, అవతల ఆర్డర్. అన్న ముందే పని మొదలుపెట్టడం మంచి ఆలోచనే. గీత దగ్గర ఆగకుండా రెండు మెట్లు ఎక్కువ ఎక్కేశాడు, అంతే.

బెంగళూరులో ఏ దర్శిని, అంటే నిలబడి తినే చిన్న హోటల్, ముందు నిలబడినా ఈ గీత కనిపిస్తుంది. పిండి నిన్న రాత్రి రుబ్బింది, ఇన్ని దోశలు పోతాయన్న అంచనా మీద. పెనం మీద దోశ పడేది టోకెన్ వచ్చాక. కానీ పొద్దున ఎనిమిదిన్నరకు వెళ్లి చూడండి. టోకెన్ కోసం ఆగరు, పెనం నిండా ఒకేసారి పోసేస్తారు. ఎవరో ఒకరు తీసుకుంటారని తెలుసు. పదకొండున్నరకు అదే మనిషి టోకెన్ చూసి, ఒక్కటే పోస్తాడు. అదే హోటల్, అదే పిండి. మూడు గంటల్లో గీత ఒక మెట్టు వెనక్కి జరిగింది.

గీత గీయగల నాలుగు చోట్లు

మొదటిది, పూర్తిగా తయారుచేసి అరలో పెట్టడం. మేక్ టు స్టాక్. సబ్బు, అగ్గిపెట్టె, ఉప్పు. కొనేవాడు ఒక్క నిమిషం కూడా ఆగడు, లేకపోతే పక్క కంపెనీది తీసుకుంటాడు. రకాలు తక్కువ, అమ్మకం నిలకడ. ఇలాంటి వస్తువుకు వేరే పద్ధతులు వెతకడం దండగ.

రెండోది, భాగాలన్నీ సిద్ధంగా ఉంచుకుని ఆర్డర్ మీద కూర్చడం. అసెంబుల్ టు ఆర్డర్. దోశ ఇదే. రంగుల షాపులో టింటింగ్ మిషనూ ఇదే. వందల రంగుల డబ్బాలు పెట్టుకునే బదులు డీలరు కొన్ని రకాల బేస్, పదీ పన్నెండు రంగు ద్రవాలు ఉంచుకుంటాడు. మీరు కార్డు చూపించి ఫలానా షేడ్ అంటే కళ్లముందే కలిపి ఇస్తాడు. అయితే ఒక్క బేస్‌తో పని జరగదు. లేత రంగులకు తెల్ల బేస్, ముదురు రంగులకు వేరే బేస్ కావాలి. అంటే ఆ కొద్ది బేస్‌ల మధ్య కూడా అంచనా తప్పచ్చు. ఈ పద్ధతిని పొగిడేవాళ్లు ఆ సంగతి చెప్పరు.

మూడోది, ముడిసరుకు మాత్రమే ఉంచుకుని ఆర్డర్ వచ్చాక కోయడం దగ్గర్నుంచి మొదలుపెట్టడం. మేక్ టు ఆర్డర్. పీణ్యలో చాలా జాబ్ వర్క్ షాపులు ఇలాగే నడుస్తాయి. కొందరికి ముడిసరుకు కూడా కస్టమరే పంపిస్తాడు.

నాలుగోది, డిజైన్ కూడా ఆర్డర్ వచ్చాకే. ఇంజినీర్ టు ఆర్డర్. ఒకే ఒక్క ఫ్యాక్టరీ కోసం చేసే స్పెషల్ పర్పస్ మిషన్లు, పెద్ద పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు. వీటి గురించి ఒక్క మాటే చెబుతాను. ఇక్కడ సరుకు నష్టం ఉండదు, డ్రాయింగు నష్టం ఉంటుంది. డ్రాయింగు ఖరారైందని కస్టమర్ సంతకం పడకుండా రేకు కొయ్యొద్దు.

ఈ నాలుగింటిలో ఏది మేలు అని అడిగితే జవాబు ఉండదు. మీ వస్తువుకు ఏది అంటే ఉంటుంది. దానికి మొదట గడియారం చూడాలి.

కస్టమర్ ఓపిక ఎన్ని రోజులు, మీ పని ఎన్ని రోజులు

అన్నతో కూర్చుని ఒక ప్యానెల్ లెక్క రాశాను. డ్రాయింగు ఆమోదానికి 4 రోజులు. బ్రేకర్లు, కాంటాక్టర్లు, అంటే కరెంటును ఆపే, కలిపే స్విచ్చులు, తెప్పించడానికి 30 రోజులు. రేకు పని 3, కోటింగ్ 2, కలిపి 5. ఈ అయిదు రోజులూ సరుకు వచ్చేలోపే గడిచిపోతాయి. లోపల అమర్చి, బస్‌బార్ (కరెంటు పంచే లోహపు పట్టీ) బిగించి, వైరింగ్ చేయడానికి 5, టెస్టింగ్ 1. అన్నీ ఆర్డర్ తర్వాతే మొదలుపెడితే 4, 30, 5, 1, మొత్తం 40 రోజులు.

కస్టమర్ ఇచ్చేది మూడు వారాలు, అంటే 21 రోజులు. ఇంకా 19 రోజులు తక్కువ. ఈ 19 రోజుల పని ఎవరో ఒకరు అంచనా మీద ముందే చేసి ఉండాలి, వేరే దారి లేదు. పనికి పట్టే కాలం కస్టమర్ ఓపిక కన్నా ఎంత ఎక్కువైతే గీత అంత ముందుకు, కస్టమర్ వైపుకు, జరగాలి.

ఇప్పుడు బ్రేకర్లూ కాంటాక్టర్లూ అరలో ఉన్నాయనుకోండి. డ్రాయింగు 4, రేకు, కోటింగ్ 5, వైరింగ్ 5, టెస్టింగ్ 1. మొత్తం 15. ఇంకా ఆరు రోజులు చేతిలో మిగులుతాయి. అంటే మూడు వారాలు ఆగే కస్టమర్ కోసం ఒక్క పెట్టె కూడా ముందే చేసిపెట్టక్కర్లేదు. ఈ లెక్క కాగితం మీద చూసి అన్న కాసేపు మాట్లాడలేదు. ఆయన డబ్బంతా అవసరం లేని చోట పెట్టాడు. అవసరమైన కాంటాక్టర్లు మాత్రం ఆర్డర్ వచ్చిన రోజు ఫోన్ చేసి తెప్పిస్తున్నాడు.

మరి పది రోజుల్లో కావాలనే కస్టమర్? అలాంటివాళ్లూ ఉంటారు, వాళ్లు ధర దగ్గర బేరం ఆడరు. వాళ్ల కోసమైతే పెట్టె ముందే ఉండాలి. కానీ ఎంత వరకు చేసి? రంగు వేయకుండా ఆపితే రెండు రంగులకూ పనికొస్తుంది, పుస్తకం అదే చెబుతుంది. కానీ ఈ పెట్టెలకు వాడే సీఆర్‌సీఏ ఉక్కు రేకుకు కోటింగ్ లేకుండా రెండు వానలు తగిలితే తుప్పే. బెంగళూరు వానల సంగతి తెలిసిందే. అందుకని అన్న ఇప్పుడు చేసేది ఇది: ఎక్కువగా అడిగే మూడు సైజుల్లో, 7035లో మాత్రమే, తలుపు లేని పెట్టెలు ఉంచుతాడు. తలుపు ఆర్డర్ వచ్చాకే కోస్తాడు, కోటింగుకు పంపుతాడు. తలుపు పని జరిగే ఆ రోజుల్లో లోపలి మౌంటింగ్ ప్లేటు మీద వైరింగ్ సాగుతూనే ఉంటుంది. డ్రాయింగు 4, వైరింగ్ 5, టెస్టింగ్ 1, పది రోజులకు సరిగ్గా సరిపోయింది. 7032 కావాలంటే మూడు వారాలు అని చెప్పేస్తాడు.

ఒకే షెడ్డు, రెండు గీతలు. దీన్ని తప్పుగా అనుకోవద్దు. కస్టమర్లందరికీ ఒకే గీత పెట్టడమే ఎక్కువ మంది చేసే పొరపాటు.

రకాలు ఎక్కడ చీలుతున్నాయి

గడియారం తర్వాత చూడాల్సింది ఇది. ఒకే వస్తువు ఏ మెట్టు దగ్గర పది రకాలుగా చీలుతుందో ఆ మెట్టుకు ముందు ఆగగలిగితే మేలు. ప్యానెల్ విషయంలో తలుపు దగ్గర, రంగు దగ్గర చీలింది.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ హ్యూలెట్ ప్యాకార్డ్ డెస్క్‌జెట్ ప్రింటర్లది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, వాంకూవర్ ఫ్యాక్టరీలో చేసి ఓడలో యూరప్ పంపేవారు. చేరేసరికి నెల. ప్రతి దేశానికీ వోల్టేజీ, ప్లగ్గు, భాష వేరు కాబట్టి ఏ దేశానికి ఎన్ని కావాలో ఫ్యాక్టరీలోనే తేల్చాలి. ఒక దేశానికి కొరత, పక్క దేశానికి చేసినవి గిడ్డంగిలో కుప్పలు. 1990 ప్రాంతంలో పద్ధతి మార్చారు. అన్ని దేశాలకూ ఒకే ప్రింటర్ పంపి, పవర్ సప్లయ్, ప్లగ్గు, పుస్తకం యూరప్ గిడ్డంగిలోనే కలిపారు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ హౌ లీ ఈ పనిలో కంపెనీ వాళ్లతో కలిసి లెక్కలు కట్టి, తర్వాత దాని గురించి రాశారు. నాకు ఇందులో నచ్చే విషయం వేరే ఉంది. గిడ్డంగిలో పవర్ సప్లయ్ కలపాలంటే ముందు అది ప్రింటర్‌లోంచి విడదీయగలిగేలా డిజైన్ మారాలి. తయారీ ఖర్చు కొంచెం పెరిగినా మొత్తం మీద లాభమే వచ్చింది. ప్లానింగ్ వాళ్లు ఒక్కళ్లే కూర్చుని గీతను జరపలేరు. డిజైన్ చేసేవాళ్లు రావాలి, కొనేవాళ్లు రావాలి, ఒక్కోసారి ముందు ఓనరే దిగిరావాలి.

ఇటలీ బెనెటన్ వాళ్లు స్వెటర్ల విషయంలో ఇంకో దారి పట్టారు. మామూలుగా నూలుకు రంగు అద్ది తర్వాత అల్లుతారు. వాళ్లు కొంత సరుకును తెల్లగా అల్లేసి, సీజన్‌లో ఏ రంగు ఆడుతోందో చూసి అప్పుడు అద్దేవారు. మన చిక్‌పేటలో డైయబుల్ అని అమ్మే తెల్ల బట్టలది కూడా ఇదే సూత్రం. చీరకు సరిపోయే రంగు అద్దించుకుని బ్లౌజో లంగావోణీయో కుట్టించుకుంటారు. అదే జరీ అంచుతో రంగు నూలుతో నేసిన పట్టుచీరకైతే ఈ సూత్రం పనిచేయదు. మగ్గం మీదే రంగు తేలిపోతుంది. మీ సరుకు డైయబుల్ బట్టా, పట్టుచీరా అన్నది ముందు చూసుకోండి.

చీలకముందు ఆగితే ఎంత కలిసొస్తుందో ఒక లెక్క. 9 రకాలున్నాయి, ఒక్కో రకానికీ అనుకోని గిరాకీ కోసం 10 చొప్పున అదనంగా ఉంచుతున్నారు, మొత్తం 90. తొమ్మిదింటికీ పనికొచ్చే ఒకే ఉమ్మడి భాగం దగ్గర ఆగితే అదే భరోసాకు 30 చాలు. ఒకదానికి గిరాకీ పెరిగినప్పుడు ఇంకోదానికి తగ్గొచ్చు కాబట్టి, అదనపు సరుకును రకాల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే వచ్చినంత ఉంచితే చాలు. 9కి వర్గమూలం 3, అందుకే మూడో వంతు. కానీ షరతుంది: ఆ తొమ్మిది గిరాకీలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కదలాలి. దీపావళికి అన్నీ ఒకేసారి పెరిగే వస్తువులైతే ఈ పొదుపులో చాలా భాగం ఆవిరైపోతుంది. పండగ సరుకు చేసేవాళ్లు ఈ వర్గమూలాన్ని నమ్ముకోవద్దు.

భాగాల దగ్గర ఆగేవాళ్లకు ఒక హెచ్చరిక

అసెంబుల్ టు ఆర్డర్ వినడానికి బాగుంటుంది. కానీ ప్యానెల్‌లో 20 రకాల భాగాలుంటే ఆ 20 ఒకేసారి ఉండాలి. ఒక్కో భాగం అరలో దొరికే అవకాశం 95 శాతం అనుకుందాం. బాగానే ఉన్నట్టుంది కదా? 20 భాగాలూ ఒకే రోజు దొరికే అవకాశం 36 శాతమే. అంటే మూడు ఆర్డర్లలో దాదాపు రెండు ఏదో ఒక చిల్లర భాగం కోసం ఆగిపోతాయి. ఒక్కో భాగం 99 శాతం దొరికేలా ఉంచితే మొత్తం 82 శాతానికి వస్తుంది.

మా అనుభవంలో పని ఆగేది ఖరీదైన బ్రేకర్ వల్ల తక్కువ. టెర్మినల్ బ్లాకు లేదనో, ఫలానా సైజు లగ్గు (వైరు కొసకు తొడిగే లోహపు ముక్క) అయిపోయిందనో, గ్లాండ్ (కేబుల్ లోపలికి వచ్చే చోట బిగించేది) రాలేదనో ఎక్కువ. కాబట్టి చవక భాగాలు దండిగా ఉంచుకోండి, అక్కడ పొదుపు చేస్తే పిసినారితనమే. వాటికి రెండు డబ్బాల పద్ధతి చాలు. ఒక డబ్బా ఖాళీ అవగానే ఇంకొకటి తెరిచి, ఖాళీ డబ్బాను కొనే మనిషి బల్ల మీద పెట్టాలి. అదే ఆర్డరు. కంప్యూటర్ కూడా అక్కర్లేదు. బిడదిలో ఫ్యాక్టరీ ఉన్న టొయోటా కాన్‌బాన్ కార్డుల అసలు ఆలోచన కూడా ఇలాంటిదే. వాడినంతే మళ్లీ తెప్పించు. టొయోటాలో దాన్ని రూపొందించిన తైచి ఒహ్నో, అమెరికా సూపర్‌మార్కెట్లలో అర ఖాళీ అయితేనే నింపే తీరును దీనికి ఆదర్శంగా చెప్పుకున్నాడు.

మధ్యరకం భాగాలు, అంటే తరచూ వాడే కాంటాక్టర్లు, ఎంసీసీబీలు (ఒక రకం బ్రేకర్లు), గత ఆరునెలల వాడకం చూసి ఉంచుకోండి. పెద్ద ఏసీబీ (ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్) లాంటివి ఆర్డర్‌కే కొనండి. అది ఉన్న ప్యానెల్‌కు కస్టమర్ కూడా ఎక్కువ రోజులు ఇస్తాడు.

ఆర్డర్ మీద చేస్తామంటే చేతులు ఖాళీగా ఉండాలి

సరుకు వద్దు, అన్నీ ఆర్డర్ మీదే అని ఉత్సాహపడేవాళ్లు మర్చిపోయే విషయమిది. ఆర్డర్లు మన వీలు చూసుకుని రావు. సోమవారం అయిదు, మంగళవారం సున్నా. సరుకు లేకపోతే ఆ హెచ్చుతగ్గులను భరించాల్సింది మనుషులూ మిషన్లూ.

సాదాసీదా క్యూ లెక్క ఒకటుంది. ఒక మిషన్ 80 శాతం సమయం పనిలో ఉంటే, కొత్తగా వచ్చిన పని తన వంతు కోసం సగటున నాలుగు పనుల కాలం ఎదురుచూస్తుంది. 90 శాతమైతే తొమ్మిది పనుల కాలం. 95 శాతమైతే 19. అందుకే మిషన్ ఒక్క నిమిషం ఖాళీగా ఉండకూడదనే ఓనరు మేక్ టు ఆర్డర్ పెట్టుకుంటే చెప్పిన తేదీకి సరుకు ఇవ్వలేడు. అన్న కూడా పనోళ్లు ఖాళీగా ఉంటే చూడలేకే ఆ 40 పెట్టెలు చేయించాడు. ఖాళీ రోజున ఏం చేయించాలంటే గీతకు ఇవతలి పని, అంటే ఏ ఆర్డర్‌కైనా పనికొచ్చేది. మౌంటింగ్ ప్లేట్లు కోయించొచ్చు, వైరు ముక్కలకు లగ్గులు కొట్టించొచ్చు, మిషన్ సర్వీసింగ్ చేయించొచ్చు.

డబ్బు సంగతి కూడా ఇక్కడే. సరుకు చేసి పెడితే దాని ఖర్చు మన సీసీ ఖాతా, అంటే బ్యాంకు అప్పు ఖాతా, నుంచి, వడ్డీతో. ఆర్డర్ మీద చేస్తే అడ్వాన్సు అడగొచ్చు, ముడిసరుకు కస్టమర్ డబ్బుతోనే వస్తుంది. సరుకు ఇచ్చాక డబ్బు రావడం వేరే కథ. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతుంది. చట్టం ఉందని పెద్ద కస్టమర్‌కు గుర్తుచేయడానికి చిన్నవాడికి నోరు రాదు, అది వేరే విషయం. అడ్వాన్సు మాత్రం నోరు తెరిచి అడగాల్సిందే.

మారతహళ్లి పిన్ని పచ్చళ్లు

ఇనుము కాకుండా ఇంకో ఉదాహరణ. మా పిన్ని మారతహళ్లిలో ఇంటి నుంచే పచ్చళ్లు, పొడులు అమ్ముతుంది. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో తెలుగు వాట్సాప్ గ్రూపులే ఆవిడ మార్కెట్.

ఆవకాయకు ఎంపికే లేదు. ఆవకాయకు పనికొచ్చే కాయ ఎండాకాలంలోనే. ఏడాదికి ఎంత పోతుందో ఏప్రిల్, మే నెలల్లోనే తేల్చుకుని కలిపెయ్యాలి. పూర్తిగా అంచనా. కానీ అక్కడా చీలే చోట్లు రెండున్నాయి. వెల్లుల్లి వేసినదా, వేయనిదా అన్నది ఒకటి. పావుకిలోనా, కిలోనా అన్నది ఇంకొకటి. వెల్లుల్లి ఊరాలి కాబట్టి ఆర్డర్ వచ్చాక వేస్తే రుచి రాదు. అది ముందే తేల్చాల్సిందే. సైజు మాత్రం ఆఖర్న. ఒక ఏడాది ఆవిడ మొత్తం అరకిలో సీసాలకెత్తేసింది. కిలో అడిగినవాళ్లకు రెండు సీసాలిచ్చింది, పావు అడిగినవాళ్లకు లేదంది. ఇప్పుడు జాడీల్లోనే ఉంచి ఆర్డర్ వచ్చాకే సీసాకెత్తుతుంది.

పొడులు ఇంకో రకం. కందిపొడి, కరివేపాకు పొడి కొట్టిన నాలుగు రోజులకే వాసన తగ్గుతుంది. పప్పులు, మిరపకాయలు బాగుచేసి ఉంచుకుని, మంగళవారం, శుక్రవారం మాత్రమే వేయించి కొడుతుంది. ఆర్డర్లు అప్పటిదాకా పోగుపడతాయి. మూడు నాలుగు రోజులు ఆగడానికి ఎవరికీ అభ్యంతరం లేదు, తాజాగా కొట్టినదని సంతోషమే. ఒక్కో ఆర్డర్‌కు మిక్సీ కడుక్కునే బాధా తప్పింది. ఆర్డర్ మీద చేయడమంటే ఆర్డర్ వచ్చిన క్షణమే చేయడం కాదని ఆవిడకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

సంక్రాంతి అరిసెలకైతే జనవరి 5 లోపు చెప్పి డబ్బు కట్టినవాళ్లకు కిలోకు కొంత తగ్గిస్తుంది. బియ్యం నానబెట్టి, తడిపిండి కొట్టి, పాకం పట్టే పని కాబట్టి చివరి నిమిషం ఆర్డర్లు ఎలాగూ తీసుకోలేదు. ఆ తగ్గింపుతో ఆవిడ కొన్నది కస్టమర్ ఓపికను. పని వేగం పెంచలేని చోట ఇది చవకైన దారి, నా దృష్టిలో చాలామంది వాడుకోని దారి.

ఒకసారి గీస్తే అయిపోదు

డెల్ కథ ఇందుకు మంచి సాక్ష్యం. 1984లో మొదలైన ఆ కంపెనీ, షాపుల్లేకుండా నేరుగా ఆర్డర్ తీసుకుని కంప్యూటర్ కూర్చి పంపడంలో పేరు తెచ్చుకుంది. చిప్పులు, డిస్కులు వారం వారం ధర తగ్గే రోజుల్లో కొద్ది రోజుల సరుకే దగ్గర ఉంచుకోవడం వాళ్లకు పెద్ద బలం. కొనేవాళ్లలో ఎక్కువ మంది ఆఫీసులవాళ్లు, ఆగగలరు, తమకు కావలసినట్టు అడుగుతారు. తర్వాత ల్యాప్‌టాప్ ఇంటి వస్తువైంది. ఇంటివాళ్లు షాపులో చేత్తో పట్టుకుని చూసి అప్పుడే తీసుకెళ్లాలనుకున్నారు. లోపల ఏ భాగాలుండాలో ఎంచుకునే సరదా వాళ్లకు అంతగా లేదు. 2007లో డెల్ అమెరికాలో వాల్‌మార్ట్ షాపుల్లో అమ్మకం మొదలుపెట్టింది. అదే ఏడాది మనకు దగ్గర్లో, చెన్నై పక్కన శ్రీపెరంబుదూరులో ఫ్యాక్టరీ తెరిచింది. ఆర్డర్ పద్ధతికి పాఠంగా చెప్పే కంపెనీయే షాపు అరకు సరుకు చేయాల్సి వచ్చింది. పద్ధతి పాతబడిందని కాదు, కస్టమర్ మారాడు.

మీ దగ్గరా కస్టమర్ మారుతూ ఉంటాడు. పక్క షెడ్డువాడు పది రోజుల్లో ఇస్తానంటే మీ 21 రోజుల గీత ఆ రోజే పాతబడింది. సరఫరాదారు 30 రోజులను 50 చేసినా అంతే. ఆరునెలలకోసారి ఆ రెండు అంకెలు మళ్లీ రాసుకోండి.

నన్నడిగితే

రకాలు నాలుగైదుకు మించకుండా, వారం వారం అమ్మకం నిలకడగా ఉండి, కొనేవాడు ఆగకపోతే అరలో పెట్టండి. సందేహమే అక్కర్లేదు.

రకాలు ఎక్కువ ఉన్నా అన్నింటికీ ఉమ్మడి భాగాలుంటే, కూర్పు పని కస్టమర్ ఓపికలో ఇమిడితే, భాగాల దగ్గర ఆగండి. పీణ్య లాంటి చోట ఎక్కువ మందికి కుదిరేది ఇదేనని నా నమ్మకం. కానీ చిల్లర భాగాల క్రమశిక్షణ లేకపోతే ఇది నరకం.

ఉమ్మడి భాగాలు లేవు, ముడిసరుకు మాత్రం ఉమ్మడి, కస్టమర్ ఆగుతాడు అంటే ఆర్డర్ మీద చేయండి. మిషన్‌లో కొంత ఖాళీ ఉంచుకోండి, అడ్వాన్సు తీసుకోండి.

పనికి పట్టే కాలం పెద్దది, కస్టమర్ ఓపిక చిన్నది, రకాలూ ఎక్కువ. ఈ మూడూ కలిస్తే ఏ గీతా బాగుండదు. అప్పుడు గీత సంగతి పక్కనపెట్టి రకాలు తగ్గించండి, లేదా దగ్గర్లో సరఫరాదారును వెతకండి. పద్ధతి మార్చి నెట్టుకొద్దామనుకుంటే ఏడాదంతా మంటలార్పడమే.

మార్చేటప్పుడు ఒక్క వస్తువుతో మొదలుపెట్టండి, అదీ మధ్యస్థంగా అమ్ముడయ్యేదానితో. బాగా అమ్ముడయ్యేదాన్ని కదిలిస్తే ఇంట్లోవాళ్లే ఒప్పుకోరు. ఉన్న సరుకు అయ్యేదాకా కొత్తది చేయొద్దు. అన్న షెడ్డులో ఆ 40 పెట్టెలు తగ్గడానికి ఏడాదిన్నర పట్టింది. 23 ఎలాగో అమ్ముడుపోయాయి, కొన్ని ధర తగ్గించి. పదకొండింటికి తలుపులు తీసేసి కొత్తవి చేయించాడు. ఆరు మిగిలాయి. మొన్న వెళ్లినప్పుడు చూస్తే వాటిలో ఒకటి గోడకు ఆనించి ఉంది. పనోళ్లు అందులో టిఫిన్ డబ్బాలు పెట్టుకుంటున్నారు.